గడ్డ ఉందంటే సంచి తీయాల్సిందేనా?

మాది చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య ఒక పల్లె. నల్లరేగడి నేల. కార్తీకం వచ్చిందంటే పత్తి తీతలు, సంక్రాంతి దాటితే మిరప కోతలు. జిల్లాలు ముక్కలయ్యాయిగానీ మా నోటికి ఇంకా గుంటూరు, ప్రకాశమే వస్తాయి. నేను గుంటూరులో స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్‌ని. డాక్టర్ని కాదు, ఆ సంగతి ముందే చెప్తన్నా. కానీ రోజుకి పదిమంది ఆడోళ్ళు ఆ మంచం మీద పడుకుని, తెర వైపు చూస్తా, "అయ్యా, సంచి తీయాలంటావా?" అని నన్నడుగుతారు. జవాబు చెప్పే అధికారం నాకు లేదు. అందుకే ఇక్కడ రాస్తన్నా.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తా.

మా అమ్మకి 41. రెండేళ్ళ నుంచి నెలసరి వస్తే పది రోజులు ఆగేది కాదు. కల్లంలో తాలుకాయలు ఏరుకుంటా కూర్చుని, లేవాలంటే ముందు పక్కనున్నోళ్ళని వెనక చూడమనేది, చీర తడిసిందేమోనని. నాకు ఈ సంగతి తెలియనే తెలియదు. స్కానింగ్ గదిలో రోజంతా ఇదే పని చేసేవాడికి సొంత అమ్మ సంగతి తెలియలేదంటే చూడండి మన ఇళ్ళల్లో మాటలు ఎట్టా ఉంటాయో. ఒకరోజు చేలో కళ్ళు తిరిగి పడింది. ఊళ్ళో ఆర్ఎంపీ ఒక నర్సింగ్ హోముకి పంపించాడు. అక్కడ స్కాన్ తీసి, గడ్డ ఉంది, అట్టా వదిలేస్తే క్యాన్సర్ అయిద్ది, గురువారం ఆపరేషన్, 45,000 కట్టండి అన్నారు. అది సోమవారం. మూడు రోజులే టైము.

మా చిన్నమ్మకి పదిహేనేళ్ళ కిందట ఇదే మాట చెప్పారు. అప్పుడామెకి 28. ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇంక సంచితో పనేంది అన్నారు. తీసేశారు. అండాశయాలు కూడా తీశారని ఆమెకి తెలిసింది ఆపరేషన్ కాగితాలు చాలా ఏళ్ళ తర్వాత నేను చదివినప్పుడే. ముప్ఫై దాటకముందే ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, తర్వాత నడుం, మోకాళ్ళు. ఇప్పుడామెకి 43. ఎముకల స్కాన్‌లో అరవై దాటినామె లెక్క వచ్చింది. అందుకే గురువారం అనగానే నాకు గుండె ఝల్లుమంది.

ఇది మా ఇంటి గోలే అనుకోవద్దు. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడోళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. మన ఆంధ్రలో 8.9 శాతం, దేశంలో అందరికన్నా ఎక్కువ. మన తర్వాత తెలంగాణ, 7.7. దేశంలో జరిగిన ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. మనోళ్ళ గర్భసంచులు మిగతా దేశం కన్నా చెడిపోయినవేం కావు. తీసే అలవాటే ఎక్కువ. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఆపరేషన్ మీద పెద్ద రగడే నడిచింది. మెదక్ జిల్లా పల్లెల్లో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ ఇంటింటికీ తిరిగి, అవసరం లేకుండా సంచులు పోగొట్టుకున్న చిన్న వయసు ఆడోళ్ళ సంగతి బయటపెట్టారు. 2019లో మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరుకు కోతకి పోయే కూలీల్లో ఎంతమందికి సంచి లేదో చూసి దేశం నోరెళ్ళబెట్టింది. నెలసరి వస్తే పని పోద్ది, పని పోతే మేస్త్రి కోత పెడతాడు. మన మిరప చేలల్లో మాత్రం మరుగుదొడ్డి ఉందా? నీళ్ళున్నాయా? "ఆ పీడ పోతే చాలయ్యా" అని ఆడోళ్ళే అడిగి తీయించుకుంటన్నారు అనే డాక్టర్లు కూడా ఉన్నారు. ఆ మాట పూర్తి అబద్ధమేం కాదు. కానీ వేరే దారి ఉందని చెప్పాక అడిగారా, చెప్పకముందే అడిగారా? తేడా అక్కడుంది.

సరే, అసలు గడ్డంటే ఏందో చూద్దాం.

ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలోనే పుట్టి పెరిగే గట్టి ముద్ద. క్యాన్సర్ కాదు. యాభై ఏళ్ళు వచ్చేలోపు ఎక్కువమంది ఆడోళ్ళకి చిన్నదో పెద్దదో ఒకటి ఉంటది, అందులో చాలామందికి ఉన్నట్టే తెలియదు. క్యాన్సర్ గడ్డ ఫైబ్రాయిడ్ లాగా కనపడటం అనేది చాలా అరుదైన సంగతి. ఒంట్లో ఆడ హార్మోన్లు ఉన్నంతకాలం ఇవి పెరుగుతాయి, నెలసరి ఆగిపోయాక వాటంతటవే కుంచించుకుపోతాయి. బాధ లేనిదానికి వైద్యమే అక్కర్లేదు, ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. నా మంచం మీద పడుకునే వాళ్ళలో ఎంతోమంది కడుపునొప్పికో, గ్యాసుకో వచ్చి, 2 సెంటీమీటర్ల గడ్డ రిపోర్టులో చూసుకుని ఏడుస్తా పోతన్నారు. ఆ గడ్డకీ ఆ నొప్పికీ సంబంధమే ఉండదు చాలాసార్లు.

రిపోర్టులో మొదట చూడాల్సింది గడ్డ యాడ ఉందనేది. ఒక ఇల్లు అనుకోండి. గది లోపలికి పొడుచుకొచ్చిందా, గోడ మందంలో ఉందా, బయట గోడకి వేలాడతా ఉందా? లోపలికొచ్చింది చిన్నదైనా సరే రక్తం ధారగా పోయిద్ది. బయటిది బత్తాయంత ఉన్నా ఒక్క చుక్క ఎక్కువ పోకపోవచ్చు, మూత్రసంచి మీద ఒత్తిడి పెడితే మాటిమాటికీ ఒంటికి పోవాల్సొచ్చిద్ది. వైద్యం ఈ చోటుని బట్టే మారిద్ది. అందుకే "గడ్డ ఉంది" అనే ఒక్క మాట మీద ఆపరేషన్ తేదీ పెట్టించుకోవద్దు.

మేము గురువారం పోలేదు. అమ్మని గుంటూరు సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయా. ఓపీ లైనులో పొద్దున్నుంచీ నిలబడ్డాం, అది వేరే కథ. ఆడ మేడమ్ గారు ముందు గడ్డ సంగతి ఎత్తనే లేదు. కనురెప్ప కిందకి లాగి చూసి, "రక్తం ఎంతుందో చూపించారా?" అంది. హిమోగ్లోబిన్ 6.8. ఈ రక్తంతో గురువారం ఆపరేషనా అని నన్నే తిట్టింది. రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించారు, తర్వాత ఐరన్ ఇంజక్షన్లు. గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. నలభై దాటినోళ్ళకి ఇట్టా లెక్క లేకుండా బ్లీడింగ్ అవుతుంటే ఈ పరీక్ష చేయించాలి. క్యాన్సర్ ఉందో లేదో చెప్పేది భయపెట్టే మాట కాదు, ఈ ముక్క. అమ్మకి ఏం లేదని వచ్చింది. గడ్డ 5.6 సెంటీమీటర్లు, గోడ మందంలో.

తర్వాత ఆమె మాకు దారులన్నీ చెప్పింది. నేను మళ్ళీ చదువుకుని, మా సెంటర్లో రేడియాలజిస్టు సారుని అడిగి ఖాయం చేసుకున్నవి కలిపి మీకు చెప్తన్నా.

అన్నిటికన్నా చవకైంది బిళ్ళ. ట్రానెగ్జామిక్ యాసిడ్ అని, బ్లీడింగ్ అయ్యే రోజుల్లో మాత్రమే వేసుకునేది. గడ్డని కరిగించదు, రక్తాన్ని ఆపిద్ది. దీన్ని 1962లో జపాన్‌లో ఉతాకో ఒకామోతో అనే ఆమె, ఆమె భర్త కలిసి కనిపెట్టారు. కాన్పుల్లో రక్తం పోయి ఆడోళ్ళు చనిపోకూడదని వాళ్ళ ఆలోచన. కాళ్ళల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన జబ్బు అంతకుముందు వచ్చినోళ్ళు దీన్ని వాడకూడదు. నెలసరి ఆగిపోయే వయసుకి దగ్గరకొచ్చినోళ్ళు కొందరు ఈ బిళ్ళ, ఐరన్‌తోనే ఆ రెండు మూడేళ్ళు గట్టెక్కుతారు.

ఇంకోటి హార్మోన్ లూపు. లోపల పెడితే కొంచెం కొంచెంగా మందు వదులుతా ఏళ్ళ తరబడి పనిచేసిద్ది, లోపలి పొరని పలచన చేసి రక్తం తగ్గిచ్చిద్ది. దీన్ని కాపర్-టీ అనుకుని మనోళ్ళు భయపడతారు. రెండూ వేరు. కాపర్-టీ వల్ల బ్లీడింగ్ పెరగొచ్చు, ఇది తగ్గించేది. గడ్డ గది లోపలికి బాగా పొడుచుకొచ్చి ఉంటే మాత్రం లూపు జారిపోద్ది. గడ్డని కొన్నాళ్ళు కుదించే ఇంజక్షన్లు కూడా ఉన్నాయిగానీ అవి ఆపరేషన్ ముందు కొన్ని నెలలు వాడేవి. ఆపగానే గడ్డ మళ్ళీ పెరిగిద్ది, ఎక్కువ కాలం వాడితే ఎముకలకి దెబ్బ.

గడ్డ గది లోపల ఉందా? అయితే దానికి కోతే అక్కర్లేదు. కింద నుంచే సన్నటి కెమెరా గొట్టం పంపి, లోపల చూస్తా గడ్డని చెక్కి తీసేస్తారు. హిస్టరోస్కోపీ అంటారు. చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికొస్తారు. నా ఉద్దేశంలో మన పల్లెల్లో అన్యాయంగా పోయే సంచుల్లో ఎక్కువ ఇట్టాంటి గడ్డలున్నవే. ఎందుకంటే వీటికే రక్తం ఎక్కువ పోయిద్ది, గాభరా ఎక్కువ, సంతకం తొందరగా పెడతారు.

పిల్లలు ఇంకా కావాలనుకునేవాళ్ళకి మయోమెక్టమీ. అంటే గడ్డలు మాత్రం తీసి సంచిని కుట్టి ఉంచడం. పొట్ట మీద మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి చేస్తారు. గడ్డలు మరీ ఎక్కువగానో పెద్దగానో ఉంటే పొట్ట తెరిచి చేస్తారు. ఏళ్ళు గడిచాక కొత్త గడ్డలు రావొచ్చు. తర్వాత కాన్పుకి సిజేరియన్ పడొచ్చు. ఇంకో సంగతి: గడ్డ పెద్దది, రంధ్రం చిన్నది, కాబట్టి లోపలే మిషనుతో ముక్కలు చేసి తీస్తారు. ఎవరికన్నా దాంట్లో తెలియని క్యాన్సర్ ఉంటే అది పొట్టంతా చిమ్మే ప్రమాదం ఉందని 2014లో అమెరికా మందుల సంస్థ గట్టిగా హెచ్చరించింది. ఆ తర్వాత గడ్డని సంచిలాంటి కవర్లో వేసి ముక్కలు చేసే పద్ధతి వచ్చింది. "కవర్లో చేస్తారా?" అని అడగండి, అడిగితే తప్పేం లేదు.

ఇంక మా అమ్మ ఎంచుకున్నది చెప్తా. దీన్ని ఎంబొలైజేషన్ అంటారు. మన చేల భాషలో చెప్పాలంటే, కలుపు మొక్కకి పోయే కాలవకి మాత్రం అడ్డకట్ట వేయడం. మణికట్టులోనో గజ్జలోనో రక్తనాళంలోకి సేమియా పుల్లంత సన్న గొట్టం పంపుతారు. ఎక్స్‌రే తెర మీద చూస్తా గర్భసంచికి ఎడమ, కుడి వైపుల రక్తం తెచ్చే రెండు నాళాల దాకా తీసుకుపోయి, ఇసక రేణువులంత గింజలు, సుమారు అర మిల్లీమీటరు ఉంటాయి, వదులుతారు. గడ్డ రక్తానికి అలవాటుపడ్డ దొంగ, మొత్తం తనవైపు లాక్కుంటది కాబట్టి గింజలు కూడా అటే పోతాయి. తిండి ఆగి గడ్డ ఎండిపోద్ది. గర్భసంచికి పక్క కాలవల నుంచి రక్తం అందుతుంది కాబట్టి అది బతికే ఉంటది. మత్తు మొత్తం ఇవ్వరు, పొట్ట కోయరు. దీన్ని ఫైబ్రాయిడ్ వైద్యంగా లోకానికి చెప్పింది పారిస్ డాక్టరు జాక్ రవీనా బృందం, 1995లో. 2004 నవంబరులో అమెరికా విదేశాంగ మంత్రిగా పేరు ప్రకటించిన వారంలోనే కొండొలీజా రైస్ ఇదే చేయించుకుని ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉంది. అంటే ఇదేం నిన్న మొన్న పుట్టింది కాదు. మన దాకా మాట రావడానికే ఇంత కాలం పట్టింది.

ఎందుకు రాలేదు? నాకు తెలిసిన కారణం ఒకటి చెప్తా. ఇది చేసేది గైనిక్ డాక్టరు కాదు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. పెద్ద మిషను కావాలి. పేటలోనో పర్చూరులోనో ఉండే నర్సింగ్ హోములో ఆ మిషనూ ఉండదు, ఆ మనిషీ ఉండడు. తన షాపులో లేని సరుకు పేరు ఎవరు చెప్తారు? గుంటూరు, విజయవాడ, హైదరాబాదు లాంటి చోట పెద్ద ఆసుపత్రుల్లో అడగాల్సిందే. మంగళగిరి ఎయిమ్స్ మనకి దగ్గర్లోనే ఉంది, రేడియాలజీ విభాగంలో వాకబు చేయండి.

దీని చెడ్డ కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఆ ఏజెంటు బాపతే. మొదటి రాత్రి నొప్పి మామూలుగా ఉండదు. మా అమ్మ రెండు కాన్పులు చేసుకున్న మనిషి, ఆ రాత్రి మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. నాలుగు రోజులు జ్వరం. కొందరికి ఎండిన గడ్డ ముక్క కింద నుంచి బయటికి వచ్చిద్ది, ఇన్ఫెక్షన్ రావొచ్చు. వాసనతో తెల్లబట్ట, వారం దాటినా జ్వరం ఉంటే వెంటనే పోవాలి. 45 దాటినోళ్ళలో కొందరికి నెలసరి పూర్తిగా ఆగిపోవచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్ళకి మామూలుగా దీన్ని మొదట చెప్పరు. అందరికీ శాశ్వతంగా పనిచేస్తదని కూడా అనుకోవద్దు. నెదర్లాండ్స్‌లో కొంతమందికి సంచి తీసి, కొంతమందికి ఎంబొలైజేషన్ చేసి పదేళ్ళు గమనించారు. ఎంబొలైజేషన్ చేసినవాళ్ళలో మూడింట ఒకవంతు మందికి తర్వాతెప్పుడో సంచి తీయాల్సే వచ్చింది. మిగతా రెండొంతుల మందికి అవసరం పడలేదు. గ్లాసు సగం నిండిందా ఖాళీనా అనేది మీ ఇష్టం. మా అమ్మ మాత్రం, "మూడింట్లో రెండు మనకొస్తే ఏ పంటైనా వేస్తాంగా" అంది.

గడ్డని వేడితో మాడ్చే పద్ధతులూ ఉన్నాయి. ఒకటి బయట నుంచే శబ్ద తరంగాలని భూతద్దంలో ఎండ లాగా ఒక్కచోట గుచ్చేది, ఎంఆర్ఐలో పడుకోబెట్టి చేస్తారు. 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇంకోటి సూదితో కాల్చేది. ఇవి దేశంలో కొద్ది చోట్లే ఉన్నాయి, అందరి గడ్డలకీ పనికిరావు. ఎక్కువ చెప్పను.

ఒక మోసం గురించి మాత్రం చెప్పాలి. గోడల మీద, ఆటోల వెనక "కోత లేకుండా గర్భసంచి వైద్యం" అని ఉంటది చూడండి. లోపలికి పోయి అడిగితే చాలాసార్లు అది చిన్న రంధ్రాల్లోంచి సంచి మొత్తం తీసేయడమే. కోత చిన్నదైనంత మాత్రాన పోయేది చిన్నది కాదుగా. "కీహోల్ అంటే నా సంచి ఉంటదా, పోద్దా?" అని సూటిగా అడగండి.

ఇదంతా చెప్పి, సంచి తీయడమే పాపమని నేననట్లేదు. క్యాన్సరో, దాని ముందు దశో తేలితే, గడ్డ కొబ్బరికాయంత అయితే, మిగతావన్నీ చేసి చూసినా రక్తం ఆగకపోతే, లేదా అన్నీ విన్నాక ఆమే "నాకు ఇదే కావాలి" అంటే అది సరైన ఆపరేషనే. అప్పుడు కూడా అండాశయాలు ఉంచుతారా తీస్తారా అనేది కాగితం మీద సంతకం పెట్టకముందే తేల్చుకోవాలి. బాగున్న అండాశయాల్ని చిన్న వయసులో తీస్తే మా చిన్నమ్మ లాగా ఎముకలకీ, దాంతోపాటు గుండెకీ చేటు. ఆమె సమ్మతి కాగితం ఇంగ్లీషులో ఉంది. వేలిముద్ర వేసింది.

2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఇట్టాంటి ఆపరేషన్ల మీద తీర్పిచ్చింది. 2013లో డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసు అది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో పేదల సంచులు పథకాల డబ్బు కోసం తీశారని. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం 2022లో చేసిన మార్గదర్శకాలని అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమల్లోకి తేవాలంది. జిల్లా స్థాయిలో కూడా కమిటీలు ఉండి, తీసిన ప్రతి సంచికీ లెక్క చూడాలని ఆ మార్గదర్శకాల్లో ఉంది. మీ జిల్లాలో ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుందో, నలభై ఏళ్ళ లోపు ఎంతమందికి తీశారో సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టి అడగొచ్చు. పది రూపాయల పని. మన దగ్గర డిగ్రీలు చదివి ఖాళీగా ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఊరికి పదిమంది ఉన్నారు.

డబ్బు సంగతి దాచను. మా అమ్మ వైద్యానికి లక్షా ఇరవై వేల దాకా అయింది. సంచి తీయించుకుంటే 45,000తో పోయేది. అప్పు నేను ఇంకా కడతన్నా. పేదోడికి తక్కువ ఖర్చులో దొరికేది సంచి పోగొట్టుకోవడమే అయినప్పుడు, "నిర్ణయం మీదే" అనే మాటకి అర్థమేముంది? పథకంలో ఏముందో, ఏం లేదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర ముందే అడిగి పోండి. మేము అడక్కుండా పోయి నష్టపోయాం.

ఆరు నెలలకి అమ్మకి స్కాన్ నేనే పెట్టా. 5.6 ఉన్న గడ్డ 4.2కి వచ్చింది. "ఇంతేనా తగ్గింది?" అంది. గడ్డ గుండ్రంగా ఉంటది కదమ్మా, అడ్డం ఇంత తగ్గితే మొత్తం ముద్ద సగానికి పైగా పోయినట్టు అని లెక్కేసి చెప్పా. నమ్మిందో లేదో. హిమోగ్లోబిన్ 11.2 ఉందంటే మాత్రం నమ్మింది, ఎందుకంటే ఆ వారమే మిరప కోతకి పోయి సాయంత్రం దాకా నిలబడింది.

మొన్న మా పక్కింటి అక్క స్కాన్ కవరు తెచ్చి అమ్మకిచ్చింది. ఆమెకి 33. ఆపరేషన్ సోమవారం అన్నారంట. అమ్మకి చదువు రాదు. కవరు నా చేతిలో పెట్టి, "గడ్డ గదిలో ఉందా, గోడలో ఉందా చూడరా" అంది.